మనఃస్థితి – పుస్తకం: ఎంపిక ఎవరిది?

1

“మూడ్ లేదు” అన్న మాట మన విమర్శకులకు ఎన్నడూ నచ్చలేదు. అది తీరుబడి గలవాళ్ళ మాట అని తోసిపుచ్చాం. తెల్లవారితే పనిలోకి పోవలసిన మనిషికి మూడ్ ఏమిటని అడిగాం. పుస్తకాన్ని వస్తువును బట్టి, దృక్పథాన్ని బట్టి, శిల్పాన్ని బట్టి ఎంచుకోవాలి గాని, ఆ పూట మనసు ఎట్లా ఉందో చూసుకుని ఎంచుకోవడం బాధ్యత గల పాఠకుడి లక్షణం కాదని చెబుతూ వచ్చాం.

ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని పాఠకులు వాస్తవంగా ఏం చేస్తున్నారో చూస్తే ఇది నిలవదు. కర్నూలులో సాహిత్య విద్యార్థుల మధ్య మసలుతున్న నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: “సార్, మనసేం బాగలేదు, ఏదైనా మంచి పుస్తకం చెప్పండి.” సామాజిక వాస్తవికతను ప్రతిబింబించే నవల పేరు చెప్పమని పరీక్షల ముందు తప్ప ఎవరూ అడగలేదు. “మంచి పుస్తకం” అన్నప్పుడు ఆ విద్యార్థి ఉద్దేశం “ఈ పూట నాకు పనికివచ్చేది” అని. మనకు గొప్పదని తోచిన పుస్తకం పేరు చెబితే మర్యాదకు తల ఊపుతాడు. తీసుకుపోయినా పదో పేజీ దగ్గర వదిలేస్తాడు. ఆ తర్వాత గంభీర సాహిత్యం తనకు పట్టదనే నిర్ణయానికి వస్తాడు. వేళ తప్పి చేతిలో పెట్టిన ఒక మంచి పుస్తకం ఒక పాఠకుణ్ణి శాశ్వతంగా పోగొట్టవచ్చు. ఇది చిన్న నష్టం కాదు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెబుతాను. మనఃస్థితిని బట్టి పుస్తకం ఎంచుకోవచ్చు, ఎంచుకోవాలి కూడా. అయితే పుస్తకం వెతకడానికి ముందు ఆ మనఃస్థితి పేరేమిటో, అది ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలి. ఆ రెండు ప్రశ్నలూ మనం వేసుకోకపోతే మన తరపున అంగడి వేస్తుంది. తనకు లాభమైన జవాబు తానే చెబుతుంది.

2

మూడ్ అన్న మాట ఇంగ్లీషు నుంచి వచ్చింది గాని, సంగతి మనకు కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం మనసులో నిలకడగా ఉండే స్థాయి భావాలను 8గా లెక్కపెట్టింది. వాటి మీద అలల్లా వచ్చిపోయే సంచారి భావాలను 33గా చెప్పింది. నిర్వేదం, గ్లాని, శంక, శ్రమ, ఆలస్యం, దైన్యం, చింత ఆ జాబితాలోవే. ఇవాళ మనం మూడ్ అంటున్నది దాదాపు ఇదే. ఆ జాబితాలో శ్రమ కూడా ఉండటం గమనించదగ్గది. ఒళ్ళు అలిసిపోవడం మనసు స్థితి కూడా అని ప్రాచీనులకు తెలుసు. పాఠకుడు ఏ పని చేసివచ్చి పుస్తకం తెరుస్తున్నాడో మన విమర్శ ఇంకా అడగవలసే ఉంది.

స్థాయి, సంచారి అన్న ఈ విభజన పుస్తకం ఎంచుకోవడంలో చాలా పనికొస్తుంది. ఒక ఉదాహరణ అనుకుందాం. ఆదోని పక్క పల్లెలో ఒక రైతుకు ఈ ఏడు బుడ్డలు చేతికి రాలేదు. కొడుకు కర్నూలు హాస్టల్లో కూచుని, “ఏమీ తోచడం లేదు, డిటెక్టివ్ నవల ఏదన్నా ఉందా?” అంటాడు. పైకి కనిపించేది విసుగు. లోపల నిలిచి ఉన్నది, వచ్చే నెల మెస్ బిల్లు ఎక్కడినుంచి వస్తుందన్న భయం. విసుగుకు పుస్తకం ఇస్తే రెండు గంటలు గడుస్తాయి. భయం అక్కడే ఉంటుంది. అట్లాగని, “నీది విసుగు కాదు నాయనా, భయం” అని ఉపన్యాసం మొదలుపెడితే ఆ పిల్లవాడు మళ్ళీ మన దగ్గరకు రాడు. రెండింటినీ గమనించగల ఎంపిక కావాలి.

రససిద్ధాంతానికి ఒక పరిమితి కూడా ఉంది. రసానుభవానికి అడ్డుపడే విఘ్నాలు ఏడింటిని అభినవగుప్తుడు చెప్పాడు. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలకు వశుడై ఉండటం వాటిలో ఒకటి. సాహిత్యాన్ని ఆస్వాదించాలంటే ముందు మన బాధ మనం మరిచిపోవాలన్నమాట. తీరుబడి ఉన్న సహృదయునికి అది సాధ్యమేమో. మన పాఠకుడు ఆ విఘ్నాన్ని ఇంట్లో వదిలి రాలేడు. చాలాసార్లు ఆ ఇల్లే విఘ్నం. అందువల్ల అతని సొంత బాధను అడ్డంకిగా చూడకుండా, పుస్తకంలోకి ప్రవేశించే వాకిలిగా చూడటం నేర్చుకోవాలి.

3

పాఠకుడి మనసును మనం పట్టించుకోకపోయినా పట్టించుకున్నవాళ్ళు ఉన్నారు. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలు రాశాడంటే, రైలు ప్రయాణంలో మనిషి మనసు ఏం కోరుతుందో ఆయనకు తెలుసు గనుకనే. 1970లు, 80లలో మన పట్నాల్లో అద్దె పుస్తకాల అంగళ్ళు వెలిశాయి. అక్కడ అట్ట మీది బొమ్మే సూచిక. కలలు కనాలనిపిస్తే యద్దనపూడి సులోచనారాణి “సెక్రటరీ”, వెన్నులో వణుకు కావాలంటే యండమూరి వీరేంద్రనాథ్ “తులసిదళం.” ఏ మనసుకు ఏ పుస్తకమో అంగడివాడు ముఖం చూసి చెప్పేవాడు. ఆ నవలల్ని తిట్టడం సులువు. ఆ అంగడివాడికి తెలిసిన విద్య మనకు ఎందుకు తెలియలేదని ప్రశ్నించుకోవడం కష్టం.

ఇప్పుడా అంగళ్ళు దాదాపు పోయాయి. వాటి పని చేతిలోని ఫోను చేస్తున్నది. నిన్న మనం దేని దగ్గర ఎక్కువసేపు ఆగామో చూసి, ఇవాళ అట్లాంటిదే మరొకటి ముందు పెడుతుంది. నిన్న ఏడ్చినవాడికి ఇవాళా ఏడుపు, నిన్న మండిపడ్డవాడికి ఇవాళా మంట. అద్దె పుస్తకం కనీసం మనసు మళ్ళించింది. ఫోను ఉన్నచోటనే కట్టిపడేస్తుంది.

దీని వెనుక మనస్తత్వ శాస్త్రం కూడా ఉంది. చెడ్డ మనఃస్థితి నుంచి బయటపడటానికీ, మంచి మనఃస్థితిలో నిలిచి ఉండటానికీ మనుషులు తమ వినోదాన్ని ఎంచుకుంటారని డాల్ఫ్ జిల్మన్ 1988లో ఒక సిద్ధాంతం చెప్పాడు. చాలావరకు నిజమే. అయితే దానికి ఒక చిక్కు ఎదురైంది. దుఃఖంలో ఉన్నవాడు దుఃఖపు పాటే ఎందుకు వింటాడు? విషాదాంత నాటకాన్ని జనం ఎందుకు ఎగబడి చూస్తారు? తర్వాతి పరిశోధకులు ఆ సిద్ధాంతాన్ని సవరించవలసి వచ్చింది. మన పల్లెల్లో ఎవరినడిగినా ఈ చిక్కు విప్పి ఉండేవాళ్ళు. చావు జరిగిన ఇంటికి ఆడవాళ్ళు వచ్చి, పోయినవాళ్ళ గుణాలు చెప్పుకుంటూ శోకాలు పెడతారు. దుఃఖాన్ని మరిపించడం వాళ్ళ ఉద్దేశం కాదు. నీవొక్కదానివే మోయనక్కరలేదు అని చెప్పడం. మనిషి బాధలో ఉన్నప్పుడు పరుగెత్తాలనీ అనుకుంటాడు, తోడు కావాలనీ అనుకుంటాడు. అంగడి మొదటి కోరికనే గుర్తించింది. సాహిత్యం రెండోదాన్ని కూడా గుర్తించాలి.

ఇంకొక మాట. పుస్తకాన్ని మందులా వాడే “గ్రంథ చికిత్స” అన్న భావనకు 1916లో శామ్యూల్ క్రోథర్స్ అనే అమెరికన్ వ్యాసకర్త పేరు పెట్టాడు. ఆయన ఆ మాటను సగం హాస్యంగానే వాడాడు. మనమూ ఆ హాస్యాన్ని మరవకూడదు. నెలల తరబడి నిద్రా ఆకలీ లేక కుంగిపోతున్నవాడికి నవల పేరు చెప్పి ఊరుకుంటే అది ద్రోహమే. అతణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. నేను మాట్లాడుతున్నది రోజూ వచ్చిపోయే మనఃస్థితుల గురించి.

4

మనఃస్థితి వ్యక్తి సొంత విషయమా? సీమలో ఉన్నవాళ్ళు అట్లా అనలేరు. ఇక్కడ మనసుకు కూడా కార్తెలున్నాయి. మృగశిరలో నాలుగు చినుకులు పడితే ఊరంతా మాట మెత్తబడుతుంది. విత్తనం వేశాక బెట్ట పట్టిందంటే అరుగు మీద నవ్వు వినిపించదు. పైరు పోయిన ఏడాది కోసిగి, ఆదోని, మంత్రాలయం ప్రాంతాల పల్లెల నుంచి సంసారాలకు సంసారాలే గుంటూరు మిరప చేలకు సుగ్గికి పోతాయి. ఊళ్ళో తాళాలూ, ముసలివాళ్ళూ మిగులుతారు. ఆ ఊరి పిల్లవాడు కళాశాలలో దిగాలుగా కూచుంటే అది అతని స్వభావం అనుకోవడం అన్యాయం. 1876–78 నాటి ధాత కరువు, 1950ల తొలి ఏళ్ళ గంజి కేంద్రాలు ముసలివాళ్ళ మాటల్లో తరాలుగా నిలిచిపోయాయి. కరువే కాదు, 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు పట్నమే మునిగింది. నీటి కోసం ఎదురుచూసే నేల మీద మనుషులు నీటికి జడిసి మిద్దెలెక్కారు. ఆ తర్వాత చాలాకాలం ఈ పట్నంలో వాన చప్పుడుకు అర్థం మారిపోయింది.

సీమ సాహిత్యం ఈ మనఃస్థితుల నుంచే పుట్టింది. విద్వాన్ విశ్వం “పెన్నేటి పాట”, కేతు విశ్వనాథరెడ్డి “జప్తు” (1974), సింగమనేని నారాయణ కథలు, బండి నారాయణస్వామి కథలు అన్నీ ఇక్కడి నేలా నీళ్ళ లెక్క చెప్పినవే. వాటి విలువను గురించి ఇక్కడ మళ్ళీ వాదించనక్కరలేదు. పాఠకుడి వైపు నుంచి మాత్రం ఒక సంగతి ఆలోచించాలి. ఇదే కరువు కథను విజయవాడలో చదివినవాడికి అది పరాయి బాధ తెలుసుకోవడం. కోసిగిలో చదివినవాడికి తన ఇల్లు తానే చూసుకోవడం. పంట పోయిన ఏడాది ఆ కథ అతనికి తోడు కావచ్చు, లేదా మోస్తున్న బరువు మీద మరో బరువు కావచ్చు. ఏది అవుతుందో కథ ఒక్కటే తేల్చలేదు. కథ, పాఠకుడు, వేళ మూడూ కలిసి తేలుస్తాయి.

కరువులో ఉన్నవాడికి కరువు కథ ఇవ్వడమే ప్రగతి అని నేను అనుకోను. అతని చేత కరువును మరిపించడమే దయ అని కూడా అనుకోను.

5

ఇక ఎంపిక సంగతి. “మనసు బాగలేదు” అన్న ఒక్క మాట కింద కనీసం ఐదు వేరువేరు స్థితులు దాగి ఉంటాయి. వాటిని విడదీసుకుంటే సగం పని అయినట్టే.

మొదటిది అలసట. పగలంతా పని చేసి, లేదా తిరిగి, రాత్రి పుస్తకం తెరిచినవాడికి నాలుగు వందల పేజీల నవల పనికిరాదు. తెలివి లేక కాదు, రెప్పలు నిలవక. అతనికి చిన్నది, పూర్తయ్యేది కావాలి. ఒక పద్యంలో ఒక సంగతి ముగించే వేమన ఇందుకు సాటిలేనివాడు. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర వేమన పద్యాల్ని పోగు చేయించి 1829లో అచ్చు వేయించాడు. చదువురాని రైతు నోట కూడా ఆ పద్యాలు బతికాయంటే, అలిసిన మనసు మోయగలిగినంత బరువే వాటికి ఉంది. వచనంలో మధురాంతకం రాజారాం కథ ఒకటి చాలు. నవ్వు కూడా కావాలనిపిస్తే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు “సినబ్బ కథలు.” చిత్తూరు యాసలోని ఆ నవ్వు పేదరికాన్ని దాచిపెట్టదు.

రెండోది దుఃఖం. దుఃఖంలో ఉన్నవాడికి వెంటనే హాస్యం ఇవ్వడం, ఏడుస్తున్నవాణ్ణి చక్కిలిగింతలు పెట్టడం లాంటిది. ముందు తోడు కావాలి. ఆ తోడు గొంతెత్తి ఏడ్చేది కాకుండా, నిబ్బరంగా మాట్లాడేది కావాలి. కేతు విశ్వనాథరెడ్డి కథనంలో ఆ నిబ్బరం ఉంది. “నమ్ముకున్న నేల” అన్న పేరులోనే సగం కథ ఉంది. భూమినో మనిషినో పోగొట్టుకున్నవాడు ఆయన కథల్లో తన మాట వింటాడు. “పెన్నేటి పాట”ను మాత్రం ఒంటరిగా కళ్ళతో చదవడం కంటే నలుగురు కూచుని పైకి చదవడం మేలు. అది పాట, గొంతు కోరుతుంది.

మూడోది కోపం. కోపంలో ఉన్న యువకుడు “మహాప్రస్థానం” తీస్తాడు. తీయనివ్వండి. 1950లో పుస్తకంగా వచ్చిన నాటి నుంచి అది ఆ పని చేస్తూనే ఉంది. అయితే కోపానికి మంట ఎంత అవసరమో గురి అంత అవసరం. ఇక్కడ నేను సాహిత్య విద్యార్థులకు ఒక విమర్శ గ్రంథం పేరు చెబుతాను: రాచమల్లు రామచంద్రారెడ్డి “సారస్వత వివేచన” (1976). కడప జిల్లా పైడిపాలెంలో పుట్టి, 1968లో “సంవేదన” పత్రిక నడిపి, మాస్కో ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా పనిచేసిన రా.రా. తన ఆగ్రహాన్ని ఎన్నడూ దాచుకోలేదు. కాని ఆ ఆగ్రహం వాక్యం వాక్యం తర్కంలో నడుస్తుంది. కోపాన్ని ఎట్లా ఉపయోగించాలో ఆ పుస్తకం నేర్పుతుంది. తన పత్రికకు ఆయన పెట్టిన పేరుకు అర్థం అనుభూతి అని కూడా గుర్తుంచుకోవాలి. మనఃస్థితి గురించి మాట్లాడటం విమర్శకు చిన్నతనం అనుకునేవాళ్ళకు ఆ పేరు ఒక్కటే సమాధానం.

నాలుగోది విసుగు. విసుగు చాలాసార్లు అణగిన కోరిక. ఇక్కడినుంచి ఎక్కడికైనా పోవాలన్న కోరిక. దానికి మరో లోకం చూపించే పుస్తకం కావాలి. అది అబద్ధపు లోకమే కానక్కరలేదు. కరువులో గొర్రెల్ని మేతకూ నీళ్ళకూ నల్లమలకు తోలుకుపోయే కాపరుల జీవితాన్ని సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి “కొండపొలం”లో రాశాడు. 2019లో ఆ నవలకు తానా బహుమతి వచ్చింది. అందులో అడవి ఉంది, పులి ఉంది, ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రవాడూ ఉన్నాడు. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ముసలివాడి కథను కేశవరెడ్డి “అతడు అడవిని జయించాడు”లో చెప్పాడు. ఒక్క కూర్చోలో చదివించే చిన్న నవల. డిటెక్టివ్ నవల అడిగిన హాస్టలు కుర్రవాడికి నేను మొదట ఇచ్చేది ఇదే. ఉత్కంఠ దొరుకుతుంది, భయంతో మనిషి ఎట్లా తలపడతాడో కూడా తెలుస్తుంది.

ఐదోది ఈ భయమే. రేపటి గురించిన భయం. అది మనసును ఈ ఒక్క రోజులో ఇరికించి పెడుతుంది. కాలాన్ని వెడల్పు చేసే పుస్తకం దానికి ఉపకరిస్తుంది. అందుకు చరిత్ర కావాలి, లేదా చారిత్రక నవల కావాలి. 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన బండి నారాయణస్వామి “శప్తభూమి” మనల్ని 18వ శతాబ్దపు సీమకు తీసుకుపోతుంది. అప్పటి కరువులూ, దోపిడీ, హింస చూశాక ఈనాటి కష్టం చిన్నదైపోదు. అయితే అది తలరాత కాదనీ, మనుషులు చేసిన పనుల ఫలితమనీ అర్థమవుతుంది. భయానికి ఆ ఎరుకను మించిన విరుగుడు లేదు. కర్నూలు రచయిత కాశీభట్ల వేణుగోపాల్ “నేనూ చీకటీ” కూడా మనిషి లోపలి చీకటిని వదలకుండా చూసిన నవల. మంచి రచన. అయినా భయపడుతున్నవాడికి నేను దాన్ని రాత్రిపూట చేతిలో పెట్టను. మనసు కొంచెం కుదుటపడ్డాక పెడతాను.

ఇవి ఐదు. సంతోషాన్ని మనం మరిచిపోతుంటాం. మనసు బాగున్న రోజున సినిమాకు పోయి, బాగలేని రోజున బరువైన పుస్తకం తీయడం చాలామందికి అలవాటు. ఇది తలకిందులు వ్యవహారం. కష్టమైన పుస్తకానికి మంచి రోజే కావాలి. దున్నడానికి ఎద్దు బలంగా ఉన్న రోజును ఎంచుకుంటాం గదా! సిద్ధాంత గ్రంథాలు, పెద్ద నవలలు, అలవాటు లేని ప్రాచీన కావ్యాలు సంతోషంగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. పుట్టపర్తి నారాయణాచార్యులు “శివతాండవం”లోని లయను గొంతెత్తి ఆస్వాదించడానికీ అదే సమయం.

6

పైన చెప్పిన పుస్తకాలు మూడు రకాల పనులు చేస్తున్నాయి. కొన్ని మన మనఃస్థితికి తోడు వస్తాయి. కొన్ని దానికి ఎదురు నిలుస్తాయి. కొన్ని దాని కారణం ఎరుకపరుస్తాయి. తోడు పుస్తకం, ఎదురు పుస్తకం, ఎరుక పుస్తకం అనుకుందాం. ఒకే పుస్తకం ఇద్దరికి రెండు పనులు చేయవచ్చు. అంగడి సరుకు ఎక్కువగా మొదటి రెండింటితో ఆగిపోతుంది. మన విమర్శకులు మొదటి రెండింటినీ దాటి నేరుగా మూడోదాన్ని పాఠకుడి నెత్తిన పెడతారు. రెండూ సరికావు. తోడుతో మొదలుపెట్టి ఎరుక దగ్గరకు చేరాలి. ఈ వరసే ముఖ్యం. తోడు దొరకనివాడికి ఎరుక ఎక్కదు. ఎరుక దాకా పోనివాడు ప్రతి నెలా అదే మనఃస్థితితో అదే అల్మరా దగ్గరకు వస్తాడు.

ఆచరణలో కొన్ని చిన్న జాగ్రత్తలు చెబుతాను. పుస్తకం తీసే ముందు మన స్థితికి మన మాటల్లో పేరు పెట్టుకోవాలి; “బేజారుగా ఉంది” అనుకుంటే సరిపోదు, దేనిమీద బేజారో అనుకోవాలి. అల్మరా దగ్గర నిలబడే మొదటి రెండు పేజీలూ, నడుమ ఒక పేజీ చదవాలి. అట్ట వెనుక రాసిన పొగడ్తలు చదవనక్కరలేదు. ఒకటికి బదులు రెండు తీసుకుపోవాలి, ఒకటి మనసుకు అనుకూలంగా, ఒకటి ఎదురుగా. ఏది ముందు తెరుస్తామో చూసుకుంటే మన సంగతి మనకే తెలుస్తుంది. ముప్పై పేజీల తర్వాత కూడా నడవకపోతే నిస్సంకోచంగా మూసేయాలి, అయితే “ఇప్పుడు కాదు” అని ఒక కాగితం మీద రాసుకోవాలి. ఇవాళ నడవని పుస్తకం వచ్చే సంక్రాంతికి నడవవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, వరసగా మూడు పుస్తకాలు ఒకే రకం మనఃస్థితిలో చదివామని గమనిస్తే నాలుగోది తప్పకుండా మార్చాలి.

7

ఇదంతా పుస్తకాలు అందుబాటులో ఉన్నవాడి సంగతి. అల్మరాలో నాలుగే పుస్తకాలుంటే ఎంపిక అన్న మాటకు అర్థం లేదు. ప్రతి పాఠకునికీ తన పుస్తకం దొరకాలని, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలని రంగనాథన్ 1931లో గ్రంథాలయ సూత్రాలు చెప్పాడు. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహ నేరం మీద జైలుకు పోయి వచ్చి, తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ ఇచ్చాడు. ఆయన కన్నుమూసిన 1960లోనే ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది. దాని కింద ఇంటి పన్నుతో పాటు మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం. కాబట్టి మండల గ్రంథాలయంలో కొత్త నవల లేదంటే అడిగే హక్కు మనకు ఉంది.

గ్రంథాలయంలో పుస్తకాలు విషయాన్ని బట్టి అమర్చి ఉంటాయి. డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం 894.827. ఆ అంకె కింద నవ్వించేదీ ఏడిపించేదీ పక్కపక్కన కూచుంటాయి. అంకె తప్పేమీ లేదు. అంకె చెప్పలేని సంగతి మనిషి చెప్పాలి. ప్రతి కళాశాలలో, ప్రతి శాఖా గ్రంథాలయంలో సాహిత్య విద్యార్థులు ఒక నోటు పుస్తకం పెట్టవచ్చు. చదివినవాడు పుస్తకం పేరు, తాను ఏ స్థితిలో చదివాడో, చదివాక ఏమైందో రెండు వాక్యాల్లో రాయాలి. ఏడాది తిరిగేసరికి అది ఏ విమర్శ వ్యాసమూ చెప్పలేని సంగతులు చెబుతుంది. ఫోనులోని లెక్క అంగడి కోసం చేసిన లెక్క. ఇది పాఠకులు పాఠకుల కోసం చేసుకున్న లెక్క.

చివరి మాట రచయితలకు. సీమ రచయిత తన నేల దుఃఖాన్ని నిజాయితీగా రాశాడు. ఆ పని ఇంకా అయిపోలేదు. కాని సీమ మనిషి దుఃఖపడటం ఒక్కటే చేయడు. జాతరలో తిరుగుతాడు, పీర్ల పండగలో ఎగురుతాడు, సంగటి ముద్ద ముందు కూచుని ఊళ్ళో పెద్దమనుషుల్ని ఎగతాళి చేస్తాడు, ప్రేమిస్తాడు, పందెం కాస్తాడు. ఈ మనఃస్థితులకు మన అల్మరాలో పుస్తకాలు తక్కువ. నామిని వంటివాళ్ళు ఒకరిద్దరితో ఆ ఖాళీ నిండదు. నవ్వాలనిపించిన సీమ పాఠకుడు పరాయి యాసలో నవ్వవలసి వస్తున్నది. అతని కోపానికి, భయానికి, విసుగుకు, సంతోషానికి కూడా అతని మాటలో పుస్తకం దొరికిన రోజున, “ఏదైనా మంచి పుస్తకం చెప్పండి” అన్నవాడికి మనం తడుముకోకుండా జవాబు చెప్పగలం. ఆ పుస్తకాలు రాయవలసింది ఈ పత్రిక చదువుతున్న మీలో కొందరే.